ఒక్క దొంగ తక్కువ

"నాకో సముద్రపు దొంగ వేషం కుట్టాలి. గేటు దగ్గర ఎవరూ వంక పెట్టలేని వేషం."

ఆ గొంతు వినగానే టామ్సిన్ చేతిలో దబ్బనం ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఎత్తకుండానే తెలుసు, మెట్ల దగ్గర నిలబడ్డది జోరీ ట్రెవాస్కిస్ అని. పోర్త్‌లెన్ రేవు మొత్తంలో ఆ మాట ఆమెతో అనగలిగే హక్కు అతనొక్కడికే ఉంది.

"ఇది తెరచాపలు కుట్టే షెడ్డు. వేషాలు కుట్టేది కాదు," అంది.

"తెరచాప కుట్టే చెయ్యి కుడితే తుఫానొచ్చినా చిరగదని వచ్చాను. పైగా రూల్స్ అన్నీ నీకు కంఠతా వచ్చు."

టామ్సిన్ చెవులు ఎర్రబడ్డాయి. మూలన కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్న ఆమె నానమ్మ లవ్‌డే మాత్రం కళ్లద్దాల పైనుంచి కుర్రాడిని తీరిగ్గా చూసింది.

"పోయినేటివాడేనా?" అని అడిగింది.

"నేనే మామ్మా. ఆ ఒక్కణ్నీ నేనే."

ఆ ఒక్కడి సంగతి ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం పోర్త్‌లెన్ ఊరంతా దొంగల వేషం కట్టి ఇసుక తిన్నె మీదకు వస్తుంది. తాళ్లు కట్టిన ఆవరణలో నిలబడితే తలలు లెక్కపెడతారు. అఖాతానికి అవతల ఉన్న పెన్‌గారో ఊరి లెక్క మూడు వేల నాలుగు వందల పన్నెండు. దాన్ని దాటితే బహుమానంగా ఇచ్చే చెక్క కాలు ఈ ఊరికి వస్తుంది. పదకొండేళ్లుగా ఆ కాలు అవతలి ఊరి పబ్బులో గోడకు వేలాడుతోంది.

పోయినేడు పోర్త్‌లెన్ లెక్క సరిగ్గా మూడు వేల నాలుగు వందల పన్నెండు వచ్చింది. సమానమయ్యింది కానీ దాటలేదు. కాలు కదల్లేదు.

మూడు గంటలకు గేటు మూస్తారనగా అయిదు నిమిషాల ముందు ఒక మనిషి ఆయాసపడుతూ వచ్చాడు. తలకు గుడ్డ ఉంది, వదులు చొక్కా ఉంది, చేతిలో చెక్క కత్తి ఉంది. నడుముకు మాత్రం పడవ తాడు చుట్టుకొని వచ్చాడు. గేటు దగ్గర వేషాలు సరిచూసే పని టామ్సిన్‌ది.

"నడికట్టు బట్టతో ఉండాలి. తాడు చెల్లదు," అంది ఆమె.

అతను వాదించలేదు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, ఎందుకో నవ్వి, "నీ ఇష్టం" అని వెనక్కు తిరిగి వెళ్లిపోయాడు. ఏడాదంతా టామ్సిన్‌ను గుచ్చింది పోయిన కాలు కాదు, ఆ నవ్వు.

ఊరు పెద్దగా తిట్టలేదు. తిడితే అదో రకం. రొట్టెల కొట్టు మిసెస్ పాస్కో అయితే మాంసం కూరిన పాస్టీలు కాగితంలో చుడుతూ ఇప్పటికీ అదే పాట: "పది, పదకొండు, పన్నెండు... పదమూడోది గేటు దగ్గర ఆగిపోయిందమ్మా, దాని నడుముకి బట్ట లేదు!"

అలాంటిది, ఆ పదమూడోవాడే ఇప్పుడు ఎదురుగా నిలబడి వేషం కుట్టమంటున్నాడు.

"గుడ్డ తెచ్చావా?" అంది టామ్సిన్.

అతను భుజం మీది మూట దింపాడు. వాళ్ల తాత పడవ తెరచాప అది. చెట్టు బెరడు కషాయంలో ఎన్నిసార్లు మరిగించారో, ఎండిన ఆకు రంగులోకి తిరిగింది. ఇప్పటికీ ఉప్పు వాసన, చేప వాసన కొట్టింది.

"దీన్ని కోస్తే మీ తాత ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అందుకే ఆయన పోయిన పదేళ్లకు తెచ్చాను."

టామ్సిన్ నవ్వకూడదనుకుంది. పెదవులు వినలేదు.

"సరే, పడుకో."

"ఏమిటీ?"

"కొలతలకి. నాకు దర్జీ పని రాదు. తెరచాప కొలిచేది నేలమీదే. పడుకో, చేతులు చాపు."

జోరీ నానమ్మ వైపు చూశాడు. "నన్ను చూస్తావేం నాయనా, గాలి వాలు చూసి పడుకో," అంది ఆమె.

అతను చెక్కల నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. టామ్సిన్ మోకాళ్ల మీద వంగి, సుద్ద ముక్కతో అతని చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది. భుజం, చంక, నడుము. చంక దగ్గరికి సుద్ద వెళ్లేసరికి అతను మెలికలు తిరిగాడు.

"కదలకు!"

"చక్కిలిగింత!"

"సముద్రపు దొంగకి చక్కిలిగింతలా?"

"దొంగలు మనుషులు కారా? మొన్న నన్ను గేటు దగ్గర మనిషిగా కూడా లెక్కపెట్టలేదు గానీ..."

"మొన్న కాదు. తొమ్మిది నెలలయ్యింది."

"నువ్వు కూడా లెక్కపెడుతున్నావా?"

బయట వాన మొదలైంది. పలక రాళ్ల కప్పు మీద చినుకులు ఎవరో పైన గింజలు వలుస్తున్నట్టు రాలాయి. టామ్సిన్ పాదాల దాకా గీసి లేచింది.

అతను వెళ్లాక నేల మీద ఆ బొమ్మ మిగిలింది. చేతులు చాపిన మనిషి బొమ్మ. ఇతర కొలతలైతే ఆమె మర్నాటికి తడిగుడ్డతో తుడిచేస్తుంది. దీని చుట్టూ తిరిగి నడవడం మొదలుపెట్టింది. నానమ్మ అది చూసింది. చూసి, మైనం ముద్ద వైపు తల తిప్పుకొంది.

జూన్ అంతా చొక్కా పని నడిచింది. భుజాలు బిగువని ఒకసారి, మెడ వదులని ఒకసారి, జోరీ వారానికి రెండుసార్లు వచ్చేవాడు. అతను సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే లైఫ్‌బోట్ ఇంజన్ చూసుకునేవాడు. ఏ వేళ పిలుపొచ్చినా పరిగెత్తాలి. ఒకసారి గుండుసూదులు గుచ్చిన చొక్కాతోనే పరిగెత్తాడు. మూడు గంటల తర్వాత తడిసి ముద్దయి తిరిగొచ్చి, "పదిహేడు సూదులు. పదహారు తెచ్చాను. ఒకటి సముద్రంలో పడింది, రాసుకో," అన్నాడు.

అతను రానంతసేపూ టామ్సిన్ ఒక్క కుట్టు కూడా వేయలేదని అతనికి తెలియదు.

జూలై మధ్యలో చొక్కా పూర్తయింది. రెండు రోజులకే చంక కింద చీలిన చొక్కాతో మళ్లీ వచ్చాడు.

"నీ కుట్టు ఊడిపోయింది," అన్నాడు గంభీరంగా.

టామ్సిన్ చొక్కాను వెలుతురుకు పట్టి చూసింది. దారం కొసను వేలితో తడిమింది.

"జోరీ."

"ఊఁ."

"మైనం పట్టిన దారం తెగితే కొస కుచ్చులా విచ్చుకుంటుంది. ఇది నున్నగా ఉంది. ఇది కత్తితో కోసింది."

మూలన నానమ్మ దగ్గింది. ఆ దగ్గులో సగం నవ్వే.

"ఎలుకలేమో," అన్నాడు జోరీ.

"కత్తి పట్టుకున్న ఎలుకలా?"

"దొంగల పడవలో ఎలుకలు కదా మరి."

ఆమె నవ్వు ఈసారి ఆగలేదు. అతనూ నవ్వాడు. నవ్వు సర్దుకున్నాక మాత్రం అతని ముఖం మారింది.

"వంక కావాల్సొచ్చింది టామ్సిన్. రోజులు తక్కువున్నాయి." టోపీ చేతుల్లో తిప్పుతూ అన్నాడు. "అబర్డీన్‌లో పని దొరికింది. సముద్రం అడుగున తీగలు వేసే ఓడ. ఆరు నెలలు. పండగ రోజు సాయంత్రమే రైలు."

టామ్సిన్ చొక్కాను నెమ్మదిగా మడిచింది.

"మంచిది," అంది.

"అంతేనా?"

"నాకు స్టేషన్లకి రావడం అలవాటు లేదు. ముందే చెప్తున్నా."

ఎందుకని అతను అడగలేదు. ఊళ్లో అందరికీ తెలిసిందే. టామ్సిన్‌కు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఓడ పనికి వెళ్తూ రైలు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఎక్కడో వేరే రేవులో వేరే ఇల్లు పెట్టుకున్నాడని కబురు వచ్చింది. లవ్‌డేకు అతను కొడుకు. ఆ ముసలామె ఇప్పటికీ రైలు కూత వినబడితే చేతిలో పని ఆపుతుంది.

నడికట్టు ఆఖర్న కుడతానంది టామ్సిన్. ఆగస్టు అంతా అది పూర్తి కాలేదు. ఎంతసేపు పడుతుంది గనక, రెండు అంచులు, రెండు చివరలు! జోరీ తొందర పెట్టలేదు. పండగకు ముందురోజు కాగితంలో చుట్టి ఇచ్చింది.

"ఇంటికెళ్లి చూడు. ఇక్కడ వద్దు."

ఆదివారం పొద్దుటే గాలి లేచింది. కార్న్‌వాల్ తీరపు ఆగస్టు గాలి. ఎండ కాస్తూనే ఎముకలు కొరుకుతుంది. పసుపు రంగు కమిటీ కోటు వేసుకుని టామ్సిన్ గేటు దగ్గర నిలబడింది. ఈసారి వేరెవరినైనా పెడతారనుకుంది. కమిటీ పెద్ద డెంజిల్ హోస్కింగ్ ఒప్పుకోలేదు. "నువ్వు వదిలితే లండన్‌లో కూడా చెల్లుతుందమ్మా," అన్నాడు. పక్కనే లెక్క మిషను పట్టుకుని, రికార్డు సరిచూడటానికి లండన్ నుంచి వచ్చిన మిస్ ఆల్డ్రిడ్జ్ నిలబడింది. నవ్వడం తన పని కాదని ఆమె ముఖమే చెప్తోంది.

దొంగలు వచ్చారు. ఒంటికన్ను దొంగలు, బామ్మ దొంగలు, తోపుడు కుర్చీలో దొంగలు. టామ్సిన్ ఒక్కొక్కరి తల, చొక్కా, నడుము, చెయ్యి చూసి పంపింది. ఒంటిగంటకు జోరీ వచ్చాడు. తాత తెరచాప ఒంటి మీద అతికినట్టు ఉంది. నడుముకు అదే గుడ్డ నడికట్టు.

"చూసుకో బాగా," అన్నాడు చేతులెత్తి.

ఆమె చూసింది. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే చూసింది.

"చెల్లుతుంది. లోపలికి వెళ్లు."

రెండున్నర దాటాక వరుస పలచబడింది. అప్పుడు కుడిచెయ్యి కొంచెం వంకరగా ఉన్న నడివయసు మనిషి ఒకడు, భార్యతో సహా పూర్తి వేషంలో వచ్చాడు. సంచిలోంచి ఉతికి ఇస్త్రీ చేసిన ఎర్ర గుడ్డ తీశాడు.

"అమ్మాయ్, మాది ప్లిమత్. నా పేరు క్లైవ్. ఇది ఒకతనికి ఇవ్వాలి. పేరు తెలీదు. పొడుగ్గా ఉంటాడు. పోయినేడు ఇదే రోజు నేను అక్కడ రాళ్ల మీద చేపలు పడుతూ జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. పండగకి పరిగెత్తుతున్నవాడు ఆగి, తన నడుం గుడ్డ విప్పి నా చేతికి కట్టాడు. అంబులెన్స్ దాకా మోశాడు. 'పండగ పోతుంది, వెళ్లు బాబూ' అన్నాను. 'పర్లేదు, నడుముకి తాడు కట్టుకుంటా, గేటు దగ్గర అమ్మాయి మంచిది' అన్నాడు."

టామ్సిన్ చేతిలోకి ఆ ఎర్ర గుడ్డ వచ్చింది. దాన్ని కోటు జేబులో పెట్టుకుంది. వాళ్లిద్దరినీ సరిచూసి లోపలికి పంపింది. కళ్లు తుడుచుకుంటే గాలికి ఇసుక పడిందనుకున్నారు అందరూ.

మూడుకు పది నిమిషాలుంది. మిస్ ఆల్డ్రిడ్జ్ మిషను చూసి అంకె చదివింది.

"మూడు వేల నాలుగు వందల పన్నెండు."

తిన్నె మీద మూడు వేల గొంతులు ఒక్కసారి మూలిగాయి.

"మళ్లీనా!" డెంజిల్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పబ్బులో చూడండర్రా, ఎవడో ఒకడు ఉంటాడు!"

"పబ్బు యజమానినే ఇక్కడున్నాను. తాళం వేసొచ్చాను!" అని ఎవరో అరిచారు.

"పాస్టరు గారో?"

"ఇదిగో, ఒంటికన్నుతో!"

"ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"సీగల్ పక్షులున్నాయి!"

అప్పుడు తాడుకు ఆనుకుని నిలబడ్డ జోరీ గొంతు లేచింది. "గేటు దగ్గర ఒకరున్నారు!"

అన్ని తలలూ తిరిగాయి. పసుపు కోటులో టామ్సిన్ ఒక్కతే నిలబడి ఉంది.

"కోటు విప్పి, వేషం కడితే లెక్కలోకి వస్తుంది," అంది మిస్ ఆల్డ్రిడ్జ్ వాచీ చూస్తూ. "కానీ లోపలున్నవాళ్లు తాడు దాటి రాకూడదు. తమ వేషంలో ఏదీ తగ్గించుకోకూడదు. తగ్గితే వాళ్ల తల పోతుంది."

"ఎనిమిది నిమిషాలు!" అరిచాడు డెంజిల్. వెంటనే సిగ్గుపడుతూ, "నేను చలికి రెండు చొక్కాలు తొడుక్కొచ్చాను," అని పై చొక్కా విప్పి తాడు మీదుగా విసిరాడు. అది టామ్సిన్‌కు మోకాళ్ల దాకా వచ్చింది. మిసెస్ పాస్కో టోపీ కింద కట్టుకున్న తలగుడ్డ లాగి ఇచ్చింది. "ఇదిగో తల్లీ, పదమూడో పాస్టీ!" పాస్టరు గారి దగ్గర రెండు కత్తులున్నాయి. ఒక దొంగకు రెండు కత్తులెందుకని ఆయన్నెవరూ అడగలేదు.

"నడికట్టు!"

నడికట్టు ఎవరి దగ్గరా రెండోది లేదు. నాలుగు నిమిషాలు.

"తాడు కట్టుకో, పోనీ! ఈసారికి!" అన్నాడెవరో కంగారులో.

టామ్సిన్ తల అడ్డంగా ఊపింది.

"తాడు చెల్లదు," అంది గట్టిగా.

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత మొత్తం జనం గొల్లుమంది. ఆ నవ్వులో ఏడాది ఎత్తిపొడుపంతా కొట్టుకుపోయింది. టామ్సిన్ విప్పేసిన కోటు జేబులోంచి ఎర్ర గుడ్డ తీసింది. జోరీ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"అది నీకెక్కడిది?"

"ప్లిమత్ నుంచి ఇస్త్రీ అయి వచ్చింది." ఆమె తాడు దాకా నడిచి వచ్చింది. "ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే రూలు మార్చేదానివా?"

ఆమె ఆలోచించింది. "లేదు."

"చూశావా! మరెందుకు చెప్పడం? చెప్తే ఊరంతా నిన్ను నిజంగానే తిట్టేది. నిన్ను తిట్టే పని నేనొక్కడినే పెట్టుకుందామనుకున్నా."

"రెండు నిమిషాలు!" డెంజిల్ గొంతు చీలిపోయింది. "తర్వాత మాట్లాడుకోండర్రా, మీ పుణ్యముంటుంది!"

జోరీ కాళ్లు లోపలే ఉంచి, తాడు మీదుగా వంగి, ఆ గుడ్డను ఆమె నడుము చుట్టూ తిప్పాడు. పడవ కట్టేవాడు వేసే ముడి వేశాడు. అవసరం లేకపోయినా దాన్ని ఇంకోసారి బిగించాడు. ఆమె చూసింది.

"ఇప్పుడు చెల్లుతుందా?" అన్నాడు మెల్లగా.

"నన్నడిగితే ఎలా? ఆవిడ చెప్పాలి."

మిస్ ఆల్డ్రిడ్జ్ తల చూసింది, చొక్కా చూసింది, నడుము చూసింది, కత్తి చూసింది. మిషను మీద బొటనవేలు నొక్కింది.

టిక్కుమంది.

టామ్సిన్ లోపల అడుగుపెట్టిన మరు నిమిషంలో చర్చి గంట మూడు కొట్టింది. మూడు వేల నాలుగు వందల పదమూడు! టోపీలు లేచాయి, కత్తులు లేచాయి, కొన్ని గాలికి సముద్రంలో పడ్డాయి. డెంజిల్ మిస్ ఆల్డ్రిడ్జ్‌ను కౌగిలించుకున్నాడు. ఆవిడ నవ్విందని అతను ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. ఆ సాయంత్రమే పదిమంది పడవెక్కి అవతలి ఊరికి చెక్క కాలు తేవడానికి వెళ్లారు.

ఆ పడవ వంక చూస్తూ టామ్సిన్ రేవు గోడ మీద కూర్చుంది. అయిదున్నర అయింది. లవ్‌డే కంటి పట్టీ నుదుటి మీదకు నెట్టుకుని పక్కన నిలబడింది.

"రైలు ఆరూ పదికి," అంది.

"తెలుసు నానమ్మా."

"నాకు భయమే పిల్లా. రైలంటే నాకు నీకన్నా భయం. నీ నాన్న వెళ్లిన రోజు స్టేషన్లో ఏడుస్తూ కళ్లు మూసుకున్నాను. వాడి ముఖం సరిగ్గా చూడలేదు. నువ్వు ఆ తప్పు చెయ్యకు. వెళ్లి కళ్లు తెరుచుకుని చూడు."

టామ్సిన్ పరిగెత్తింది.

ప్లాట్‌ఫాం నిండా ఇళ్లకు పోయే దొంగలే. జోరీ సంచి భుజాన వేసుకుని, వేషం విప్పకుండానే నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి కళ్లు చిట్లించాడు.

"నీకు స్టేషన్లకి రావడం అలవాటు లేదుగా?"

"లేదు. తనిఖీకి వచ్చాను." ఆమె అతని నడికట్టు కొస పట్టుకుని తిప్పి చూపించింది. "దీన్ని చూశావా?"

ఒక చివర చక్కగా మడిచి కుట్టి ఉంది. రెండో చివర కోసిన గుడ్డ కోసినట్టే ఉంది.

"అంచు కుట్టలేదే! నువ్వు? కుట్టకుండా వదిలేశావా? గేటు దగ్గర ఎలా వదిలావు మరి?"

"అంచు గురించి రూల్స్‌లో లేదు. మూడుసార్లు చదివాను." ఆమె కళ్లు దించలేదు. "పోగులు ఊడుతూనే ఉంటాయి. పూర్తిగా పాడయ్యేలోపు తెచ్చి నాతో కుట్టించుకోవాలి. ఇంకెవరి చేతా కుట్టించకు."

"ఎన్నాళ్లకి పాడవుతుంది?"

"ఏడు నెలలకి."

"నా పని ఆరు నెలలే."

"రైళ్లు ఆలస్యం అవుతాయని ఒక నెల ఎక్కువిచ్చాను."

జోరీ సంచి కింద పెట్టాడు. దొంగలందరూ చూస్తుండగానే ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. ఎవరో ఈల వేశారు. రైలు కదిలినప్పుడు టామ్సిన్ కళ్లు మూసుకోలేదు. రైలు మలుపు తిరిగేదాకా అతని ముఖమే చూసింది.

చలికాలం వచ్చింది. షెడ్డులో తెరచాపలు పరిచారు, కోశారు, కుట్టారు. నేల మీద సుద్ద బొమ్మను మాత్రం ఎవరూ తొక్కలేదు. చెరిగిన చోట మర్నాటికి గీత మళ్లీ కొత్తగా ఉండేది. ఎవరు గీస్తున్నారో లవ్‌డే అడగలేదు. వారం వారం ఉత్తరం వచ్చేది, అందులో నడికట్టు నుంచి ఊడిన ఒక గోధుమరంగు పోగు ఉండేది. ఒక వారం ఉత్తరం రాలేదు. ఆ వారం ముసలామె తిండి సరిగ్గా తినలేదు. తర్వాతి వారం రెండు ఉత్తరాలు, రెండు పోగులు వచ్చాయి.

ఫిబ్రవరి ఆఖర్న, వాన పడుతున్న మధ్యాహ్నం, మెట్ల మీద అడుగుల చప్పుడయింది.

"నాకో అంచు కుట్టాలి," అంది గొంతు.

టామ్సిన్ చేతిలో దబ్బనం ఆగింది. ఈసారి తల ఎత్తింది.

జోరీ నీళ్లు కారుతున్న కోటుతో నిలబడి, నేలవైపు చూస్తున్నాడు. చేతులు చాపిన తన బొమ్మవైపు.

"ఇది తుడవలేదా?"

"తీరిక దొరకలేదు."

"ఆరు నెలలు?"

"పని ఎక్కువగా ఉంది."

అతను తలూపాడు. తర్వాత బల్ల మీది సుద్ద ముక్క తీసుకుని, బొమ్మ పక్కన ఖాళీ నేల చూపించాడు.

"పడుకో. చేతులు చాపు."

"నాకెందుకు కొలతలు?"

"ఇల్లు చూశాను, రేవు మీదే. ఇద్దరు పట్టాలి కదా. ఇంకెక్కడికీ పోను టామ్సిన్. లైఫ్‌బోట్ ఇంజన్ మళ్లీ నాకే ఇచ్చారు."

ఆమె పడుకుంది. అతను గీయడం మొదలుపెట్టాడు. భుజం, చంక.

"కదలకు!"

"చక్కిలిగింత!"

ఆ నవ్వులు విని లవ్‌డే టీ కప్పులు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రెండు బొమ్మలు. ఒకదాని చెయ్యి రెండోదాని చేతి మీదుగా గీసి ఉంది. ముసలామె వాటిని చూస్తూ కప్పులు బల్ల మీద పెట్టసాగింది. కింద ఎక్కడో రైలు కూసింది. ఈసారి ఆమె చెయ్యి ఆగలేదు.

"బాగానే ఉంది," అంది చివరికి. "నాకీ షెడ్డులో తెరచాప పరచడానికి చోటెక్కడ మిగిల్చారర్రా?"